తిన్నరా? ఓవర్

మా రైటర్ సాబ్ పోయారు. పోయిన గురువారం పొద్దున పదకొండు గంటలప్పుడు పాత స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. ఒక్క ముక్క మాట, దాని కింద వరసగా దండాల బొమ్మలు. నేనూ ఒక దండం పెట్టి ఫోను బోర్లించాను. ఆ సమయానికి నేను చేస్తున్న పని చెబితే మీరు నమ్మకపోవచ్చు. ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన వదిలి వెళ్లిన స్కేలుతో, ఆయన నేర్పిన గడులే గీస్తున్నాను. పెట్రోలింగ్ సిబ్బందికి షిఫ్టులు ఎలా వేస్తే బాగుంటుందో మూడు పద్ధతులు పోల్చి పంపమని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఎనిమిదేళ్ల కిందట ఇలాంటి కాగితమే వస్తే ఆయన గీశారు. ఇప్పుడు నా వంతు వచ్చింది.

పోలీసు స్టేషన్ గడప తొక్కని అదృష్టవంతులకు ఒక మాట చెప్పాలి. మా దగ్గర రైటర్ అంటే కథలు రాసేవాడు కాదు. స్టేషన్లో రాతకోతలన్నీ చూసే హెడ్ కానిస్టేబుల్. ఎవరు ఏ పూట డ్యూటీకి రావాలి, ఏ బండి ఏ ఊళ్ల మీదుగా తిరగాలి, ఎవరికి సెలవు దొరుకుతుంది, అన్నీ ఆయన గీసే చార్టులోనే తేలతాయి. అందుకే కొత్త కానిస్టేబుల్ ఎస్సైకి సెల్యూట్ కొడతాడు గానీ భయపడేది మాత్రం రైటర్‌కే. మా రైటర్ సాబ్‌కి భయపడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ చనువు తీసుకుని నోరు పారేసుకున్నది నేనొక్కదాన్నే. అది తర్వాత చెబుతాను.

బోధన్‌లో పాత చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక, ఒక మేడ మీద గది ఆయనది. నేను వెళ్లేసరికి మెట్ల దగ్గర పది పన్నెండు మంది నిలబడి ఉన్నారు. ధర్పల్లి నుంచి వచ్చిన చెల్లెలు గోడకు ఆనుకుని కూర్చుంది. భార్య ఎప్పుడో పెళ్లయిన కొత్తలోనే పోయింది, పిల్లలు లేరు. చెల్లెలు తప్ప ఏడ్చేవాళ్లు లేని చావు చూడటం చాలా కష్టం. ఇంటి ఓనరమ్మ వచ్చిన వాళ్లందరికీ అదే మాట మళ్లీ మళ్లీ చెబుతోంది.

"దినాం పన్నెండున్నరకు సారు కుక్కర్ మూడు కూతలు పెడుతుండె. నిన్న ఇనరాలే. ఒంటిగంటయింది, ఐనా ఇనరాలే. ఏందో అని మీదికి పోయి సూసిన. కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు."

మళ్లీ తనే అంది. "ఒక్క మనిషికి గంత పెద్ద కుక్కర్ ఎందుకు సారూ అని ఎన్నిసార్లు అడిగిననో. చెయ్యి అలవాటైందమ్మా, తక్కువ వండరాదు అంటుండె."

ఆ చెయ్యి ఎక్కడ అలవాటైందో ఆ మెట్ల దగ్గర నిలబడ్డ వాళ్లలో నాకూ, మా డ్రైవరన్నకూ మాత్రమే తెలుసు. మేమిద్దరం చాలా ఏళ్లు ఒకే పెట్రోలింగ్ బండిలో తిరిగాం. డ్రైవరన్న నా వైపు చూశాడు. నేను చెప్పులు చూసుకున్నాను.

ఆ రోజుల్లో మా స్టేషన్లో మూడు షిఫ్టులు. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు బోధన్ ఊరంతా ఆ మూడు సైరన్ల మీదే నడిచిందట. రైటర్ సాబ్ వాళ్ల నాయన ఆ ఫ్యాక్టరీ కార్మికుడే. "సైరన్ కొట్టంగనే మా అవ్వ పొయ్యి మీద ఎసరు పెట్టేది. బాపు ఏ పాళీల ఉన్నా, ఆయన వచ్చిందాక ఇంట్ల ఎవలం ముట్టకపోయేది" అని చెప్పేవారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక సైరన్ ఆగిపోయింది. ఆయన కడుపులో మాత్రం రెండు గంటల సైరన్ ఆగలేదు.

రెండింటికి పొద్దుటి షిఫ్టు వాళ్లు దిగుతారు, మధ్యాహ్నం వాళ్లు ఎక్కుతారు. ఆ పదిహేను ఇరవై నిమిషాలు రెండు జట్లూ స్టేషన్లోనే ఉంటాయి. వెనక గదిలో పొడుగు బల్ల మీద రైటర్ సాబ్ పాత పేపర్లు పరిచేవారు. దాన్ని ఆయన దస్తర్ అనేవారు. తురకోళ్ల ఇళ్లలో అందరూ చుట్టూ కూర్చుని తినడానికి పరిచే గుడ్డ పేరు అది. "దస్తర్ పరిసిన, రాండ్రి" అని ఒక్క కేక. దిగిన వాళ్లు అలసిపోయి తినేవాళ్లు, ఎక్కే వాళ్లు ధైర్యానికి తినేవాళ్లు. ఒకరి డబ్బాలో జొన్నరొట్టె, ఒకరి డబ్బాలో ఉల్లిగడ్డ కారం, మా అత్తమ్మ కట్టిచ్చిన పచ్చిపులుసు. రైటర్ సాబ్ డబ్బా మాత్రం నాలుగు గిన్నెల పెద్ద క్యారియర్. పుంటికూర పప్పు ఆయన చేతిది తిన్నవాళ్లు ఇంటికి వెళ్లి భార్యలతో గొడవ పెట్టుకున్న సంగతి నాకు తెలుసు. తనకు వడ్డించుకునేది ఆఖరున. అడుగు గిన్నెలో ఏమీ మిగలకపోతే ఆ రోజంతా ఆయన మొహం కళకళలాడేది.

ఆయన అలవాట్లు చెప్పాలంటే పెన్సిల్‌తో మొదలుపెట్టాలి. చార్టు ఎప్పుడూ పెన్సిల్‌తోనే. పెన్ను ఎస్సై సంతకానికి మాత్రమే. రబ్బరును దారంతో రిజిస్టర్‌కి కట్టేవారు, ఎవరో ఒకరు జేబులో వేసుకుపోతారని. తుడిచాక ఆ పొట్టును ఉఫ్ అని ఊదరు. అరచేతిలోకి ఎత్తి కిటికీ బయట వేసి వచ్చేవారు. చెయ్యి మాత్రం బరువు. ఎంత ఒత్తి రాసేవారంటే కింది కాగితం మీద కూడా అచ్చు పడేది. వారాల పేర్లు ఇంట్లో అన్నట్టే రాసేవారు, ఐతారం, బేస్తారం అని. ఒక ఎస్సై కోప్పడితే, "పేరు మారిస్తే దినం మారుతదా సార్?" అన్నారు, చాలా మర్యాదగా.

చార్టు గీయడం నాకు ఆయనే నేర్పారు. "బిడ్డా, చార్టు గీసుడంటె మనుషులను గడులల్ల కూసోబెట్టుడే. గడి ఇరుకైతె మనిషి మోకాళ్లు ముడుసుకొని కూసుంటడు. మనకు మీదికెల్లి అవుపడది." ఈ మాట నేను అప్పుడు నవ్వుతూ విన్నాను. ఇప్పుడు రోజూ గుర్తొస్తుంది.

ఎనిమిదేళ్ల కిందట ఆ మొదటి కాగితం వచ్చినప్పుడు స్టేషన్లో పండగా, కొట్లాటా ఒకేసారి మొదలయ్యాయి. మూడు పద్ధతుల్లో ఏది కావాలో సిబ్బందిని అడిగి, పోల్చి రాయమన్నారు. ఒకటి, ఉన్నట్టే ఎనిమిది గంటల మూడు షిఫ్టులు. వారం వారం పూట మారుతుంది, సెలవు రోజన్నది ఉండదు. రెండు, పన్నెండు గంటల షిఫ్టులు. రెండు పగళ్లు, రెండు రాత్రులు చేస్తే రెండు రోజులు ఇల్లు. మూడు, ఒక రోజంతా డ్యూటీ, రెండు రోజులు ఇల్లు.

రైటర్ సాబ్ నాలుగు తెల్ల కాగితాలు జిగురుతో అతికించి నలభై రెండు రోజుల గడులు గీశారు. నలభై రెండే ఎందుకని అడిగాను. "ఎనిమిది గంటలది మూడు వారాలకు తిరిగొస్తది. పన్నెండుది ఆరు దినాలకు తిరిగొస్తది. రెండూ ఒక్క దగ్గరికొచ్చేది నలభై రెండో దినమే. మధ్యల ఏడ ఆపినా ఎవలికో ఒగలికి అన్యాయం అవుపడ్తది" అన్నారు. పదో తరగతి దాటని మనిషి. మొత్తం కూడితే తేలింది ఏమిటంటే, మూడు జట్లతో ఏ పద్ధతిలో వేసినా మనిషికి పడేవి మూడు వందల ముప్పై ఆరు గంటలే. ఒక్క గంట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"సూసిండ్రా? గంటలు మూడింట్ల గవ్వే. గంటలు పెద్దసార్లకు సూపెడుదాం. మనం బువ్వ సూసుకుందాం" అని, గడుల చివర ఒక నిలువు గీత గీసి పైన 'బువ్వ' అని రాశారు. ఆ నలభై రెండు రోజుల్లో మనిషి ఇంటివాళ్లతో కలిసి కూర్చుని తినే రాత్రి భోజనాలు ఎన్ని, అని లెక్క. ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. మీ ఇంట్లో ఎన్నింటికి తింటారు, బస్సెక్కి పోయేసరికి ఎంతవుతుంది, పిల్లలు ఎప్పుడు పడుకుంటారు. కానిస్టేబుళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. ఒకడైతే ఎనిమిదింటికి తింటావా తొమ్మిదింటికా అని భార్యకు ఫోన్ చేసి తిట్లు తిన్నాడు.

మూడో పద్ధతి మీద డ్రైవరన్నకు మనసు. నిజాంసాగర్ కాలువ కింద ఆయనకు కొంచెం పొలం ఉంది. రెండు రోజులు దొరికితే మడిలో దిగొచ్చు. రైటర్ సాబ్ ఒప్పుకోలేదు. "తమ్మీ, చెరుకు కొట్టే కాలంల రోడ్డు మీద ట్రాలీలు ఎట్లుంటయో నీకు ఎరుక లేదా? ఎన్క లైటుండది, ఏముండది. పద్దెనిమిదో గంటకు నీకు ట్రాలీ కాదు, రోడ్డే అవుపడది. నీ పొలం నీకు మంచిగనే ఉంటది, నువ్వుండాలె గద." డ్రైవరన్న ఆ పద్ధతి మాట వదిలేశాడు. అంతకు ముందు నెల కాలువ గట్టు మలుపులో కన్ను మూతపడి బండి గడ్డిలోకి దిగిన సంగతి పక్కన కూర్చున్న నేను ఎవరికీ చెప్పలేదు గానీ, రైటర్ సాబ్ ఎలాగో పసిగట్టినట్టున్నారు.

ఇక మిగిలింది ఎనిమిదా, పన్నెండా. సగం మంది ఇటు, సగం మంది అటు. నాకు పన్నెండే కావాలి. ఎందుకో చెబుతాను. మాది నిజామాబాద్. రోజూ బస్సులో బోధన్‌కు రావాలి, పోవాలి. మా ఆయన మార్కెట్లో చిన్న దుకాణం చూసుకుంటాడు. అత్తమ్మ బీడీలు చుడుతూ మా పాపను సాకేది. పాపకు అప్పుడు ఆరేళ్లు. సెలవు లేని ఆ బతుకులో నేను ఇంట్లో ఉంటే అది నిద్రలో ఉండేది, అది మేలుకుంటే నేను బస్సులో ఉండేదాన్ని. ఒక రోజు గుమ్మంలో అడుగు పెట్టేసరికి అది లోపలికి పరుగెత్తి, "నాన్నమ్మా, పోలీసమ్మ వచ్చింది" అని చెప్పింది. ఎగతాళికి అనలేదు. ఎవరో వచ్చారని చెప్పింది. ఆ రోజు నుంచి ఆ రెండు వరస రోజులు నాకు దక్కకపోతే బిడ్డ చేతికి రాదని నాకు బెంగ పట్టుకుంది.

నా వరస లెక్క వేసే రోజు వచ్చింది. మధ్యాహ్నం రెండు, దస్తర్ మీద అందరూ ఉన్నారు. రైటర్ సాబ్ పెన్సిల్ చెవి వెనక నుంచి తీసి, గడుల మీద నడిపించి, నెమ్మదిగా చెప్పారు.

"ఎనిమిదిల నీకు పద్నాలుగు బువ్వలు. పన్నెండుల సుత పద్నాలుగే బిడ్డా. నీకు రెండూ సమానమే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సమానమేనట. "బువ్వ ఒక్కటేనా సార్? పిల్లకు జడెయ్యాలె, జరమొస్తె పక్కకు ఉండాలె, బడికి పోను ఏడిస్తె తోలాలె. గవన్నీ మీ గడులల్ల ఉంటయా? ఇల్లు లేనోళ్లకు ఇంటి సంగతి ఏం ఎరుక!"

బల్ల చుట్టూ నమలడం ఆగిపోయింది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ సామెత అర్థం నాకు ఆ క్షణంలో తెలిసింది. రైటర్ సాబ్ పెన్సిల్ మళ్లీ చెవి వెనక పెట్టుకున్నారు. నా గిన్నె వైపు చూసి, "పప్పు ఎయ్యనా?" అన్నారు. వేశారు కూడా. నేను తిన్నాను. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అంత మాట అని, ఆయన వేసిన పప్పు కలుపుకుని తిన్నాను.

మరునాడు ఎస్సై సారు అందరినీ పిలిచి, ఓట్లు సగం సగం ఉన్నాయి కాబట్టి రైటర్ ఏది రాస్తే అదే పంపుతానన్నారు. రైటర్ సాబ్ రాసి తెచ్చిన కాగితం చదివారు. పన్నెండు గంటల పద్ధతి. కారణం: గంటలు సమానమే గనుక, సిబ్బంది బిడ్డల దగ్గర వరసగా రెండు రోజులు ఉండగలిగే పద్ధతి మేలు. నేను తల ఎత్తలేదు.

ఆ కాగితానికో తమాషా జరిగింది. ఫెయిర్ కాపీలో 'బువ్వ' గడి తీసేయడం మర్చిపోయారు. పది రోజులకు పై ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. "పట్టికలో 'బువ్వ' అనగా ఏమి? వివరించగలరు." ఆ సెక్షన్లో కూర్చున్నవారు ఏ దిక్కు వారో పాపం, అదేదో కొత్త రకం డ్యూటీ అనుకున్నారు. రైటర్ సాబ్ చాలాసేపు ఆలోచించి జవాబు రాశారు. "బువ్వ అనగా అన్నము. విధి నిర్వహణకు అవసరము." స్టేషన్ స్టేషనంతా వారం రోజులు నవ్వింది. ఆ నవ్వుల్లో పడి నేను క్షమాపణ వాయిదా వేసుకున్నాను.

కొత్త పద్ధతి వచ్చింది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది. నాకు ఇల్లు దొరికింది. మొదటి సెలవు రోజు పాప వెంట వెంట తిరిగింది, రెండో రోజు మీదెక్కి తొక్కింది. మూడో వారానికి అది నన్ను కొట్టి, అలిగి, మళ్లీ వచ్చి పక్కలో దూరింది. అమ్మతో పిల్లలు ఎలా ఉంటారో అలా ఉంది. ఒక పొద్దున నేను యూనిఫాం వేసుకుంటుంటే, "అమ్మా, నువ్వు ఎన్నడొస్తవ్?" అని అడిగింది. పోలీసమ్మ పోయి అమ్మ వచ్చింది. బస్సులో బోధన్ దాకా కళ్లు తుడుచుకుంటూనే వచ్చాను.

ఇక రెండు గంటల సంగతి. ఇప్పుడు రెండింటికి ఎవరూ దిగరు, ఎవరూ ఎక్కరు. పగటి జట్టు ఊళ్ల మీద ఉంటుంది. చెరుకు ట్రాలీలు ఆపి వెనక ఎర్ర గుడ్డ కట్టిస్తూ, కాలువ గట్టున ఎక్కడ నీడ ఉంటే అక్కడ డబ్బా విప్పి తింటాం. రాత్రి జట్టు వాళ్లు ఇళ్లలో పడుకుని ఉంటారు. సరిగ్గా రెండింటికి బండిలో వైర్‌లెస్ సెట్టు గరగరలాడేది. రైటర్ సాబ్ గొంతు.

"లొకేషన్ చెప్పుండ్రి. ఓవర్."

చెప్పేవాళ్లం. కొంచెం ఆగి మళ్లీ అదే గొంతు. "తిన్నరా? ఓవర్."

"తిన్నం సార్. ఓవర్."

అంతే. నాలుగేళ్లలో ఒక్క రోజు తప్పలేదు. డ్రైవరన్న నవ్వేవాడు. "రైటర్ సాబ్‌కు లొకేషన్ ఎందుకే చెల్లె, మనం బువ్వ తిన్నమా లేదా గదొక్కటే కావాలె" అనేవాడు. ఒకసారి ఏదో కాగితం కోసం రెండింటికి స్టేషన్‌కు వచ్చాను. వెనక గదిలో పొడుగు బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పేపర్లు పరిచి ఉన్నాయి. ఒక మూల ఆయన, ముందు క్యారియర్, పక్కన సెట్టు. నన్ను చూసి లేచి, "రా బిడ్డా, కూసో" అని గబగబా గిన్నెలు విప్పారు. "బండిల అన్న ఉన్నడు సార్, పోవాలె" అని కాగితం తీసుకుని వచ్చేశాను. ప్రశాంతంగా తింటున్నారులే, హాయిగా ఉంది ఆయనకు, అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

క్షమాపణ ఒకసారి చెప్పాను, ఆయన రిటైరయ్యే రోజు. దండ వేసి, శాలువా కప్పి, అందరూ ఫోటోలు దిగాక, తలుపు దగ్గర ఆపి, "సార్, ఆనాడు నేనన్న మాట..." అన్నాను. పూర్తి చేయనివ్వలేదు. "ఏ మాట? నేను మాటలు సుత పెన్సిల్ తోటే రాసుకుంట బిడ్డా. ఎప్పుడో తుడిసిన" అని, రిజిస్టర్‌కి కట్టిన రబ్బరు చూపించి నవ్వారు. నాకు ప్రాణం తేలికపడింది. ఎంత తేలికపడిందంటే, తర్వాత ఆయన్ని చూడటానికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. బస్సు రోజూ ఆ క్వార్టర్ల రోడ్డు మీదుగానే పోతుంది. ఈ ఐతారం, వచ్చే ఐతారం అనుకుంటూ నాలుగేళ్లు గడిచాయి.

ఆయన ఫోన్ చేసేవారు. ఎప్పుడు చేసినా రెండింటికే. "తిన్నవా బిడ్డా?" అని అడిగేవారు. ఆ కుర్చీలోకి నేను వచ్చాక ఆ సమయానికి నాకు ఊపిరాడని పని. "డ్యూటీల ఉన్న సార్, మళ్ల చేస్త" అనేదాన్ని. చేసేదాన్ని కాదు. ఆయన పోవడానికి ముందు వారం కూడా ఒక కాల్ వచ్చింది. బందోబస్తులో ఉండి కట్ చేశాను. అది ఇంకా ఫోనులో ఎర్రగా అలాగే ఉంది.

దహనం అయిపోయిన మరునాడు స్టేషన్‌కు వచ్చి, ఆగిపోయిన గడులు పూర్తి చేద్దామని కూర్చున్నాను. పాత నమూనా ఉంటే పని తేలికవుతుందని బీరువా అడుగున కట్టలు వెతికాను. దొరికింది. జిగురుతో అతికించిన ఆ నాలుగు కాగితాలు, మడతల దగ్గర పసుపెక్కి ఉన్నాయి. అందరి పేర్లూ ఉన్నాయి. నాది, డ్రైవరన్నది. నా పద్నాలుగులు రెండూ ఉన్నాయి. కింద, పేర్లన్నీ అయిపోయిన చోట, ఒక వరస ఖాళీగా ఉంది. ఖాళీగా ఉన్న వరసకు గీతలు ఎందుకు గీశారా అని కిటికీ వెలుతురులో కాగితం వాల్చి చూశాను.

తుడిచిన వరస అది. రబ్బరుతో శుభ్రంగా తుడిచారు గానీ, ఒత్తి రాసే చెయ్యి కదా, అచ్చు మిగిలింది. పేరు గడిలో 'రైటర్'. ఇల్లు లేని మనిషి కాబట్టి బువ్వ గడిలో ఆయన దస్తర్‌ని లెక్క వేసుకున్నారు. మేమే ఆయన ఇల్లు. సెలవు పెట్టని మనిషి, రోజూ మాతో తిన్న మనిషి. ఎనిమిది గంటల పద్ధతి కింద నలభై రెండు. పన్నెండు గంటల పద్ధతి కింద సున్నా.

ఆ సున్నా చూసుకునే, మరునాడు పన్నెండు అని రాసి సంతకానికి పంపారు. నా బిడ్డ నన్ను అమ్మా అని పిలిచింది ఆ సున్నాతోనే. ఇది నాకు ఎనిమిదేళ్లు తెలియదు. తెలుసుకోవాలంటే ఒక్క మధ్యాహ్నం ఆయన "కూసో" అన్నప్పుడు కూర్చుంటే సరిపోయేది.

కాగితం మడిచి పెట్టేసరికి గోడ మీద రెండు కావస్తోంది. పాప ఇప్పుడు పద్నాలుగేళ్లది, పొద్దున తనే కట్టిచ్చిన డబ్బా నా సంచిలో ఉంది. వెనక గదిలోకి వెళ్లాను. ఆ బల్ల మీద ఇప్పుడు పాత ఫైళ్లు పేర్చి ఉన్నాయి. అవి దించి, పేపర్లు పరిచాను, ఈ చివర నుంచి ఆ చివర దాకా. డబ్బా పెట్టుకుని కూర్చున్నాక ఆ బల్ల ఎంత పొడుగో తెలిసింది. సెట్టు పక్కన పెట్టుకుని మీట నొక్కాను.

"లొకేషన్ చెప్పుండ్రి. ఓవర్."

కాలువ గట్టు మీదున్నామని చెప్పారు. ఒక్క క్షణం ఆగి అడిగాను. "తిన్నరా? ఓవర్."

"తిన్నం మేడం. ఓవర్."

సెట్టులో ఓవర్ అంటే, నా మాట అయింది, ఇక నీ వంతు, నువ్వు చెప్పు అని. నాలుగేళ్లు రోజూ ఆయనకు ఆ మాట చెప్పాం. చెప్పి, బండి స్టార్ట్ చేసుకుని పోయాం. మీరు తిన్నారా సార్ అని ఒక్కరోజు ఒక్కరం అడిగి ఉంటే, ఆ వంతు ఆయనకు నిజంగా వచ్చేది.

సెట్టు కాసేపు గరగరలాడి ఆగిపోయింది. బల్ల అవతలి చివర పరిచిన పేపరు ఫ్యాను గాలికి లేస్తుంటే, లేచి వెళ్లి దాని మీద నా డబ్బా మూత బరువు పెట్టి వచ్చాను.